ఆల్పైన్ మొక్కల ప్రదర్శనకు మొదటిసారి వెళుతున్నప్పుడు: ఏ కుండీలు పెట్టాలి, ఎలా సిద్ధం చేయాలి

మీరు లీడ్స్ దగ్గర ఉంటూ రెండేళ్లుగా రాతితోట మొక్కలు, అంటే ఎత్తైన కొండల మీద పెరిగే ఆల్పైన్ మొక్కలు, పెంచుతున్నారని, అక్కడి క్లబ్బు ఏప్రిల్ మధ్యలో జరిపే వసంతకాలపు ప్రదర్శనలో మొదటిసారి పాల్గొనాలనుకుంటున్నారని రాశారు. మీ దగ్గర ఒక లూయీసియా కోటిలెడాన్, ఒక ఆండ్రోసేసి సెంపర్వైవాయిడిస్, కొన్ని సెంపర్వైవమ్ కుండీలు, స్నేహితులిచ్చిన ఒక ప్రిమ్యులా అలియోనీ ఉన్నాయన్నారు. వీటిలో ఏవి పెట్టాలి, ఎలా తయారు చేయాలి, అరుదైన మొక్కలు పెంచే పాతకాపుల పక్కన ఇంత మామూలువి పెడితే బాగుంటుందా అన్నవి మీ ప్రశ్నలు.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. తప్పకుండా పెట్టండి. నేను చాలా ఏళ్లుగా ఉత్తర ఇంగ్లండ్ ప్రదర్శనల్లో కుండీలు పెడుతున్నాను, స్టీవార్డుగా న్యాయనిర్ణేతల వెంట నడుస్తూ వాళ్లు చెప్పిన ఫలితాలు రాసుకున్నాను. బల్ల దగ్గర వాళ్లు మొదట మాట్లాడుకునేది మొక్క ఆరోగ్యం గురించి, అది తన సహజ రూపంలో ఉందా లేదా అన్న దాని గురించి. అరుదైనదా, పెంచడం కష్టమా అన్న మాట ఆ తరువాత వస్తుంది. రెండు మొక్కలు సమానంగా బాగున్నప్పుడు కష్టమైన దానికి మొగ్గు చూపుతారు, అది న్యాయమే. కానీ సగం ఎండిన అరుదైన మొక్క నిండుగా ఉన్న మామూలు మొక్కను దాటి పోవడం చాలా తక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒక ప్రదర్శనలో ఇరానీ పర్వతాలకు చెందిన డయోనీసియా ఒకటి, ఎవరి తోటలోనైనా కనిపించే తొలి వసంతపు సాక్సిఫ్రాగా ఒకటి పక్కపక్కన ఉన్నాయి. డయోనీసియాను ముందు నుంచి చూస్తే పసుపు పూలతో కుండీ అంతా నిండినట్టే ఉంది. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ మోకాళ్ల మీద వంగి, కంటిని కుండీ అంచు ఎత్తుకు తెచ్చి కుషన్ (చిన్న దిండులా ఒత్తుగా పెరిగిన మొక్క) గుండ్రదనాన్ని పక్కనుంచి చూశారు. తరువాత కుండీని నెమ్మదిగా వెనక్కు తిప్పారు. వెనుక వైపు అరచేతి వెడల్పున పూలు లేవు, అక్కడి ఆకుల గుత్తులు పాలిపోయి ఉన్నాయి. చలికాలమంతా ఆ వైపు గోడకే ఉండిపోయిందని ఎవరూ చెప్పనక్కరలేదు. సాక్సిఫ్రాగాను ఎటు తిప్పినా ఒకేలా ఉంది, దానికే మొదటి బహుమతి వచ్చింది. కుండీని వారానికి ఒకసారి పావు వంతు తిప్పడమనే చిన్న అలవాటు అంత తేడా తెస్తుంది. ఇంకా ప్రదర్శనకు సమయముంది కనుక ఈ వారం నుంచే మొదలుపెట్టండి.

ఇక మొదట చేయవలసిన పని షెడ్యూల్, అంటే పోటీల నిబంధనల పట్టిక, చదవడం. ప్రతి క్లాసులోనూ (పోటీ తరగతిలోనూ) ఏ రకం మొక్క, ఎన్ని కుండీలు, కుండీ వ్యాసం ఎంత మించకూడదు అన్నవి రాసి ఉంటాయి. 1929లో మొదలైన ఆల్పైన్ గార్డెన్ సొసైటీ ప్రదర్శనల్లో చిన్న కుండీల క్లాసులకు 19 సెంటీమీటర్లు, పెద్దవాటికి 36 సెంటీమీటర్లు పరిమితి. 1933లో ఏర్పడిన స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్‌కు, ఊరూరా ఉన్న చిన్న క్లబ్బులకు ఎవరి షెడ్యూల్ వారికి ఉంటుంది. అందుచేత ఒక చోటి కొలత ఇంకొక చోట చెల్లుతుందనుకోకండి, టేపు పెట్టి కొలుచుకోండి. అర సెంటీమీటరు ఎక్కువైనా, 'వేర్వేరు ప్రజాతులు' (జీనస్‌లు) అన్న చోట ఒకే ప్రజాతి మొక్కలు రెండు పెట్టినా, చీటీ మీద ఎన్.ఏ.ఎస్. అని రాసి పక్కన పెట్టేస్తారు. షెడ్యూల్‌కు తగినట్టు లేదని దానర్థం. అది ఎంత బాగున్న మొక్కైనా ఇక ఎవరూ ఏమీ చేయలేరు. స్టీవార్డుగా నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఆ చీటీ రాయడమే. మొక్క మీ దగ్గర కనీసం ఎంత కాలం నుంచి ఉండాలన్న నిబంధన కూడా సాధారణంగా ఉంటుంది, స్నేహితులిచ్చిన మొక్క విషయంలో దాన్ని ప్రత్యేకంగా చూసుకోండి. కొత్తవారి కోసం ఉన్న నోవిస్ విభాగంలోనే పేరు ఇవ్వండి, అది సరిగ్గా మీలాంటి వారి కోసమే పెట్టింది.

మీ నాలుగింటిలో ఏవి అన్న విషయానికి వద్దాం. అలియోనీని ఈసారికి ఇంట్లోనే ఉంచండి. అది ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులోని మారిటైమ్ ఆల్ప్స్ సున్నపురాతి కొండచరియల మొక్క. ఇక్కడ ఫిబ్రవరి, మార్చిలో పూస్తుంది కనుక ఏప్రిల్ మధ్యకు పూత అయిపోయి వాడిన పూలే మిగులుతాయి. ఆండ్రోసేసి సెంపర్వైవాయిడిస్ పశ్చిమ హిమాలయాల నుంచి వచ్చినది, ఏప్రిల్‌లో గులాబీ పూలు విప్పుతుంది, పెంచడం తేలిక. ఆసియా మొక్కల క్లాసు ఉంటే అందులోకి కూడా సరిపోతుంది. మీ మొదటి ప్రయత్నానికి నేను దీన్నే ముందు పెడతాను. లూయీసియా ఉత్తర కాలిఫోర్నియా, నైరుతి ఆరెగాన్ ప్రాంతాలది. గాజు కింద పెంచినదైతే ఏప్రిల్ మధ్యకు తొలి పూలు రావచ్చు, రాకపోవచ్చు. ప్రదర్శనకు వారం ముందు కనీసం మూడో వంతు మొగ్గలు విప్పకపోతే దాన్ని వదిలేయండి. సెంపర్వైవమ్‌కు పూలతో పనిలేదు, ఆకుల రంగు, గుత్తుల వరస చూస్తారు. చాలా రకాలకు వసంతంలోనే రంగు బాగా తేలుతుంది కనుక ఆకుల క్లాసులో ఒకటి నిశ్చింతగా పెట్టవచ్చు.

మూడు కుండీలు కలిపి పెట్టే క్లాసు చూసి ఆశపడకండి. అక్కడ మూడింటిలో బలహీనమైనదే మిగతా రెంటినీ కిందికి లాగుతుంది. పైగా మూడూ పరిమాణంలో ఒకదానికొకటి పొంతన కుదరాలి. ఒక్కొక్క కుండీతో మూడు వేర్వేరు క్లాసుల్లో పాల్గొనడమే ఈ ఏటికి మంచిది.

మొక్క సహజ రూపంలో ఉండాలన్నాను కదా, మన ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ తోటపని మొదలుపెట్టిన వారికి ఇది విడమరిచి చెప్పవలసిన సంగతి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో మొక్కను కాపాడడమంటే ఎండ నుంచి కాపాడడం. ఇక్కడికి వచ్చాక అదే శ్రద్ధ చలి మీదికి మళ్లుతుంది, డిసెంబరు రాగానే కుండీలు వంటగది కిటికీలోకి చేరతాయి. ఆల్పైన్ మొక్కలకు అది చాలా హాని చేస్తుంది. ఇవి నెలల తరబడి మంచు కింద పొడిగా, నిద్రలో ఉండే మొక్కలు. చలి వీటిని చంపదు. ఎడతెగని చలికాలపు తడి చంపుతుంది, వెచ్చని గదిలో వెలుతురు చాలకపోవడం పాడు చేస్తుంది. గదిలో పెరిగిన కుషన్ వదులవుతుంది, లూయీసియా పూకాడలు సాగి వాలిపోతాయి, ఆకులు లేతగా పొడుగవుతాయి. పూలు ఎన్ని ఉన్నా న్యాయనిర్ణేత దాన్ని చూడగానే 'ఇది కొండ మొక్కలా లేదు' అంటారు. వేడి లేని, నాలుగు వైపులా గాలి ఆడే గాజు గది, అంటే ఆల్పైన్ హౌస్, ఉంటే మంచిదే. లేకపోతే పైన గాజు పలక, పక్కలన్నీ తెరిచి ఉన్న చిన్న చట్రం చాలు. అందులో ఇసుక పరిచి మట్టి కుండీలను అంచు వరకు పూడిస్తే, ఇసుకకు నీళ్లు పోసినా కుండీ గోడ గుండా వేళ్లకు చేరుతుంది, ఆకులు తడవవు.

మట్టి మిశ్రమం గురించి ఎక్కువ చెప్పను, రెండేళ్లుగా పెంచుతున్నారు కనుక తెలిసే ఉంటుంది. జాన్ ఇన్నెస్ రకపు తోటమట్టి మిశ్రమానికి సమానంగా గరుకైన గ్రిట్ (సన్నని రాతి ముక్కలు) కలిపితే మీ నాలుగు మొక్కలకూ సరిపోతుంది. ఎరువులో నత్రజని ఎక్కువైతే కుషన్ బిగువు సడలుతుంది. టమాటాలకు వాడే పొటాష్ ఎక్కువగా ఉన్న ద్రవ ఎరువును సగం గాఢతలో, పెరిగే కాలంలో మాత్రమే అప్పుడప్పుడు ఇవ్వండి. కుండీలో మొక్క ఉన్నట్టుండి వడలి, కదిపితే ఊగుతున్నట్టుంటే వేళ్లను వైన్ వీవిల్ పిల్లపురుగులు తింటున్నాయేమో తీసి చూడండి. పూకాడల సందుల్లో పేనుబంకను కూడా వారానికోసారి వెతకాలి, ఒత్తుగా ఉన్న కుషన్‌లో అది పైకి కనిపించేసరికి ఆలస్యమవుతుంది.

ఇప్పుడు చివరి రెండు వారాల పని. కుండీని ఖాళీ చేయకుండా బయటి గోడను మాత్రం బ్రష్‌తో, మామూలు నీటితో రుద్ది కడగండి. తెల్లని సున్నపు పొర, ఆకుపచ్చని నాచు రెండూ పోవాలి. మట్టి కుండీ పాతదైనా ఫరవాలేదు, మురికిగా మాత్రం ఉండకూడదు. పైన ఉన్న పాత గ్రిట్‌ను, దానితో పాటు నాచును, లివర్‌వర్ట్ అనే నాచులాంటి చదునైన మొక్కను, మొలిచిన కలుపును చెంచాతో గీకి తీసేయండి. కొత్త గ్రిట్ వేసేటప్పుడు మొక్క పుట్టిన రాతిని తలచుకోండి. లూయీసియాకు సున్నం గిట్టదు కనుక తెల్లని సున్నపురాతి ముక్కలు దాని చుట్టూ పోస్తే కంటికీ తప్పుగా కనిపిస్తుంది, మొక్కకూ మంచిది కాదు. గ్రానైట్ గ్రిట్ కానీ పలక రాతి ముక్కలు కానీ వాడండి. సున్నపురాతి ముక్కలు అలియోనీకి, చాలా సాక్సిఫ్రాగాలకు అందంగా అమరుతాయి. గ్రిట్‌ను కుండీ అంచు దగ్గర పల్చగా, మొక్క వైపుకు కొంచెం ఎత్తుగా వచ్చేటట్టు పేర్చి, ఆకుల కిందికి వేళ్లతో మెల్లగా తోయాలి. లూయీసియా మొదలు చుట్టూ ఈ పొర లోతుగా ఉండాలి, దాని మొదలు తడికి కుళ్లేది అక్కడే. బొమ్మలు, గవ్వలు, రంగు రాళ్లు పెట్టకండి.

తరువాత ట్వీజర్ పట్టుకుని వెలుతురులో కూర్చోవాలి. ఈ పనికి సగం రోజు కేటాయించండి, నాకైతే ప్రదర్శన మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆండ్రోసేసిలో వాడిన ప్రతి పూవును కాడ మొదట్లో పట్టుకుని తీయాలి, సగంలో తుంచితే ఎండిన పుల్లలు నిలబడి కనిపిస్తాయి. దాని నుంచి ఎర్రని సన్నని తీగలు బయలుదేరి చివర కొత్త గుత్తులు వస్తాయి. కుండీ అంచు దాటి వేలాడుతున్న వాటిని లోపలికి మళ్లించి గ్రిట్ మీద ఆనించండి, కత్తిరించకండి. లూయీసియా అడుగున పసుపెక్కిన ఆకులను కిందికి కాకుండా పక్కకు లాగితే మొదలు గాయపడకుండా ఊడి వస్తాయి. సెంపర్వైవమ్ గుత్తుల మధ్య చిక్కిన ఎండాకులు, సాలెగూళ్లు, గ్రిట్ రేణువులను మెత్తని చిత్రకారుల కుంచెతో దులపండి. కెమెరా లెన్సు తుడిచేవారు వాడే రబ్బరు బల్బు ఉంటే ఇంకా మంచిది. ఆకులకు మెరుపు తెచ్చే నూనెలు, స్ప్రేలు వాడకూడదు. సెంపర్వైవమ్ ఆకుల మీది బూడిద పొర వేలు తగిలితే చెరిగిపోయి మచ్చ పడుతుంది కనుక కుండీని ఎప్పుడూ అంచు దగ్గరే పట్టుకోండి.

పూత ముందుగా వచ్చేలా ఉంటే కుండీని ఉత్తరపు గోడ నీడలో, వాన పడని చోట ఉంచితే కొన్ని రోజులు ఆగుతుంది. ఆలస్యమయ్యేలా ఉంటే గాజు కింద వెలుతురు ఎక్కువగా ఉండే చోటికి మార్చవచ్చు. అంతకు మించి ఇంట్లో వేడి గదిలో పెట్టి తొందర చేయకండి, ఆ నాలుగు రోజుల్లోనే కాడలు సాగిపోతాయి. ప్రదర్శనకు రెండు రోజుల ముందు కుండీని నీటి పళ్లెంలో ఉంచి కిందినుంచి తడిపి, బాగా కారనివ్వండి. బల్ల మీదికి వచ్చేసరికి ఆకులు పొడిగా, మట్టి చెమ్మగా ఉండాలి.

ప్రయాణానికి లోతైన ప్లాస్టిక్ ట్రే తీసుకుని, కుండీల మధ్య ఖాళీల్లో నలిపిన వార్తాపత్రికలు బిగించి కూరండి. ఒక కుండీ పూలు ఇంకొకదానికి తగలకూడదు. కారులో హీటర్ వేయకండి. ఎత్తైన కాడలకు దారిలో సన్నని పుల్లల ఆసరా ఇచ్చినా, బల్ల మీద పెట్టేముందు తీసేయాలి. ట్వీజర్, కుంచె, ఒక డబ్బాలో మిగులు గ్రిట్, చిన్న తుండు వెంట ఉంచుకోండి, ఎందుకంటే రోడ్డు కుదుపులకు గ్రిట్ కదలడం ఖాయం.

ఉదయం హాలుకు తొందరగా చేరండి. నిర్ణీత సమయానికి పోటీదారులందరినీ బయటికి పంపి తీర్పు మొదలుపెడతారు, ఆ తరువాత ఎవరినీ బల్ల ముట్టుకోనివ్వరు. కుండీని మంచి వైపు ముందుకు వచ్చేలా పెట్టి, రెండడుగులు వెనక్కు వేసి చూసి, అవసరమైతే కొంచెం తిప్పండి. మొక్క పేరున్న చీటీ శుభ్రంగా, సరైన అక్షరక్రమంతో ఉండాలి. దాని కింద అది ఏ ప్రాంతపు మొక్కో ఒక ముక్క రాస్తే చూడవచ్చినవారికి ఉపయోగపడుతుంది. ఫలితం ఏదైనా, తీర్పు అయ్యాక న్యాయనిర్ణేతను గానీ స్టీవార్డును గానీ 'నా కుండీలో ఏది లోపించింది' అని నేరుగా అడగండి. ఇక్కడివాళ్లు ఆ ప్రశ్నను తప్పుగా తీసుకోరు, చాలామంది మీతో పాటు బల్ల దగ్గరికి వచ్చి చూపిస్తారు. బహుమతి పొందిన మొక్కల యజమానులు కూడా పక్కనే టీ తాగుతూ ఉంటారు, మిశ్రమం ఏమిటి, ఎప్పుడు కుండీ మార్చారు అని అడిగితే దాచుకోకుండా చెబుతారు. ఏటా పెద్ద ప్రదర్శనల్లో ఉత్తమ మొక్కకు ఇచ్చే ఫారర్ పతకం పేరు అప్పుడు వినబడవచ్చు. ఆ రెజినాల్డ్ ఫారర్ మీకు దగ్గరలోనే, యార్క్‌షైర్ డేల్స్‌లోని క్లాపమ్ గ్రామంవాడు, మొక్కల కోసం వెళ్లి 1920లో ఎగువ బర్మాలో చనిపోయాడు. ఏప్రిల్‌లో మీకు ఒక ఆదివారం ఖాళీ దొరికితే ఆ దారిలోనే పెన్-ఇ-గెంట్ కొండ మీద నిటారు రాతి చరియలకు అంటుకుని పూసే ఊదా సాక్సిఫ్రాగాను చూసి రండి. అడవిలో కుషన్ ఎంత బిగువుగా, ఎంత చిన్నగా ఉంటుందో ఒకసారి చూసినవారికి కుండీలో దేనికోసం ప్రయత్నించాలో తెలుస్తుంది.

చూసి మాత్రమే రావాలి. భూయజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్లతో పెకలించడం బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద నేరం. సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు మనాలి వైపు, పూల లోయ వైపు ట్రెక్కింగ్‌కు పోయి అక్కడి ప్రిమ్యులాలను, ఆండ్రోసేసిలను వేళ్లతో తెచ్చుకుందామన్న ఆలోచన మనవాళ్లలో కొందరికి వస్తుందని నాకు తెలుసు, దయచేసి ఆ పని చేయకండి. పూల లోయ జాతీయ ఉద్యానవనం. పైగా ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు లేవన్న అధికారిక పత్రం) లేకుండా మొక్కలను ఈ దేశంలోకి తీసుకురాకూడదు. నేను పైన చెప్పిన రెండు సంస్థలూ సభ్యుల మధ్య విత్తనాల మార్పిడి నడుపుతాయి, హిమాలయ జాతులు కూడా అందులో దొరుకుతాయి. శీతాకాలంలో విత్తి, కుండీని బయట చలికి వదిలేస్తే చాలా జాతులు వసంతంలో మొలుస్తాయి. అలా స్వయంగా విత్తనం నుంచి పెంచిన మొక్కలకు చాలా షెడ్యూళ్లలో ప్రత్యేక క్లాసులుంటాయి, రెండు మూడేళ్ల తరువాత మీరు పోటీ పడవలసినవి అవే అని నా అభిప్రాయం.

చివరగా మీ అలియోనీ సంగతి, దాన్ని వచ్చే ఏడాది తొలి ప్రదర్శనకు ఇప్పటినుంచే సిద్ధం చేయవచ్చు. పూత ముగియగానే ప్రతి వాడిన పూవును కాడతో సహా తీసేయండి, బూడిద రంగు బూజు మొదలయ్యేది ఆ కాడల దగ్గరే. దాని ఆకులు జిగురుగా ఉంటాయి కనుక ఎండినవి పాత ఆకులకు అంటుకుని ఉండిపోతాయి, వాటిని ఓపికగా ఒక్కొక్కటి లాగాలి. మే నెలలో సున్నపురాతి ముక్కలు కలిపిన మిశ్రమంలో ఒక్క అంగుళం మాత్రమే పెద్దదైన కుండీకి మార్చండి, అప్పుడే పక్క గుత్తులు రెండు మూడు తీసి ఇసుకలో నాటితే తల్లి మొక్కకు ఏదైనా అయినా పిలకలు మిగులుతాయి. వేసవిలో మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా నీడ ఇవ్వాలి. నీళ్లు ఎప్పుడూ కుండీ చుట్టూ ఉన్న ఇసుకకే పోయండి, ఆకుల మీద కాదు. నవంబరు నుంచి ఇసుక కొద్దిగా చెమ్మగా ఉంటే చాలు, గడ్డకట్టే రాత్రుల్లో కూడా గాలి ఆడే కిటికీలు మూయకండి. జనవరి చివర మొగ్గలు పైకి లేచినప్పుడు మాత్రం నీరు కొంచెం పెంచండి.